మనీలా బస్సు బందీల ఘటన, 2010: పోలీసులు ఎక్కడ తప్పారు, మీడియా ఎక్కడ తప్పింది? తరచుగా అడిగే ప్రశ్నలు

అసలు ఆ రోజు ఏం జరిగింది?

2010 ఆగస్టు 23, సోమవారం. ఫిలిప్పీన్స్ రాజధాని మనీలాలో ఫోర్ట్ శాంటియాగో అనే పాత కోట దగ్గర హాంకాంగ్ పర్యాటకుల బస్సు ఆగి ఉంది. ఉదయం పది గంటల ప్రాంతంలో రోలాండో మెండోజా అనే మాజీ పోలీసు అధికారి ఎం16 రైఫిల్‌తో ఆ బస్సెక్కాడు. బస్సును రిజాల్ పార్క్‌లో ఉన్న క్విరినో గ్రాండ్‌స్టాండ్ ముందుకు తీసుకెళ్లి ఆపించాడు. లోపల 25 మంది ఉన్నారు. హాంకాంగ్ నుంచి వచ్చినవాళ్లు 21 మంది, మిగతా నలుగురు ఫిలిప్పీన్స్ వాళ్లు. రాత్రి తొమ్మిది లోపే అంతా అయిపోయింది. హాంకాంగ్ వాళ్లలో ఎనిమిది మంది చనిపోయారు. మెండోజా పోలీసు తూటాకు పోయాడు.

మధ్యలో గడిచిన ఆ పదకొండు గంటల్లో చాలా భాగం ప్రపంచమంతా టీవీలో లైవ్‌గా చూసింది. బస్సులో ఉన్న మెండోజా కూడా చూశాడు. ఈ పేజీ రాయడానికి కారణం ఆ చివరి వాక్యమే.

మెండోజా ఎవరు? ఎందుకిలా చేశాడు?

మనీలా పోలీసు విభాగంలో సీనియర్ ఇన్‌స్పెక్టర్‌గా చేసి ఉద్యోగం పోగొట్టుకున్న మనిషి. 1986లో దేశంలోని పదిమంది ఉత్తమ పోలీసుల్లో ఒకడిగా అవార్డు కూడా అందుకున్నాడు. 2008లో ఒక హోటల్ వంటమనిషి అతడి మీదా, అతడి తోటి పోలీసుల మీదా ఫిర్యాదు చేశాడు. డ్రగ్స్ కేసు పెడతామని బెదిరించి డబ్బు అడిగారని, మత్తుమందు బలవంతంగా మింగించారని ఆరోపణ. ప్రభుత్వ ఉద్యోగుల మీద ఫిర్యాదులు విచారించే అంబుడ్స్‌మన్ కార్యాలయం విచారించి మెండోజాను సర్వీసు నుంచి తొలగించింది. తను ఏ తప్పూ చేయలేదని, తీర్పును మళ్లీ పరిశీలించమని అతడు అర్జీ పెట్టుకున్నాడు. ఆ అర్జీ నెలల తరబడి కదల్లేదు. అతడు అడిగింది ఒకటే, నా ఉద్యోగం నాకిచ్చేయండి అని.

ఇదంతా చెప్పడం అతడిని సమర్థించడానికి కాదు. సెలవులకని వచ్చిన కుటుంబాలకూ అతడి కేసుకూ ఏ సంబంధమూ లేదు. అయితే అతడికి ఏం కావాలో తొలి గంటలోనే అందరికీ తెలుసు. డబ్బు అడగలేదు, విమానం అడగలేదు, రాజకీయ డిమాండ్లు లేవు. చర్చలు జరిపేవాళ్లకు ఇంతకన్నా తేలికైన కేసు అరుదుగా దొరుకుతుంది.

పగలంతా ప్రశాంతంగానే ఉందంటారు. నిజమేనా?

నిజం. తొమ్మిది మందిని అతడే వదిలేశాడు. పిల్లలు, వృద్ధులు, ఒంట్లో బాగాలేనివాళ్లు అందులో ఉన్నారు. చర్చలకు వెళ్లిన అధికారి ఓర్లాండో యెబ్రా బస్సు కిటికీ దగ్గర నిలబడి అతడితో మాట్లాడుతూ వచ్చారు. బస్సులోకి భోజనాలు వెళ్లాయి. టూర్ గైడ్ ఉదయాన్నే హాంకాంగ్‌లోని తన ఆఫీసుకు ఫోన్ చేసి తమను బందీలుగా పట్టుకున్నారని నింపాదిగా చెప్పాడు.

అంటే సాయంత్రం దాకా ఎవరికీ చిన్న గాయం కూడా కాలేదు. ఎనిమిది మంది ప్రాణాలు పోయింది ఆ తర్వాతి రెండు గంటల్లో. కాబట్టి సాయంత్రం ఆరు తర్వాత ఏం మారిందో చూడాలి.

ఏం మారింది?

మొదటిది, అంబుడ్స్‌మన్ లేఖ. సాయంత్రానికి ఒక లేఖ తెచ్చి మెండోజాకు ఇచ్చారు. కేసు మళ్లీ పరిశీలిస్తామని అందులో ఉంది. అతడికి కావలసింది పరిశీలన కాదు, నిర్ణయం. లేఖ చదివి, చెత్త అని తిట్టాడు. రోజంతా ఎదురుచూసిన మనిషి చేతిలో మళ్లీ అదే పాత ఆఫీసు భాష పెట్టారు. అలాంటి కాగితం ఇచ్చేముందు, దీన్ని చదివాక ఇతడు ఎలా ఉంటాడు అని ఆలోచించాల్సిన బాధ్యత ఎవరిదో, అది ఎవరూ తీసుకోలేదు.

రెండోది, సోదరుడి సంగతి. అది విడిగా చెప్పాలి.

సోదరుడి అరెస్టు ఎందుకంత ముఖ్యం?

మెండోజా సోదరుడు గ్రెగోరియో కూడా పోలీసే. చర్చల్లో సాయపడతాడని అతడిని బస్సు దగ్గరికి తీసుకెళ్లారు. కుటుంబ సభ్యులను ముందుకు పంపడం ఎంత ప్రమాదమో చర్చలు నేర్పే ఎవరినడిగినా చెబుతారు. అన్నదమ్ముల మధ్య ఏ మాట ఎక్కడ తగులుతుందో బయటివాళ్లకు తెలియదు. ఇక్కడా అదే అయింది. గ్రెగోరియో మాటలు పరిస్థితిని చల్లార్చకపోగా రెచ్చగొట్టాయని అధికారులు అనుకున్నారు. అతడిని అదుపులోకి తీసుకోమని ఆదేశం వచ్చింది.

సరే, తీసుకోవాలంటే పక్కకు పిలిచి తీసుకెళ్లవచ్చు. జరిగింది వేరు. కెమెరాల మధ్యలో, విలేఖరుల గుంపు మధ్యలో పోలీసులు అతడిని లాక్కెళ్లారు. అతడు ప్రతిఘటించాడు, కాపాడమని కేకలు వేశాడు, ఇంటివాళ్లు ఏడుస్తూ అడ్డం పడ్డారు. ఛానళ్లన్నీ దాన్ని లైవ్‌లో చూపించాయి.

బస్సులో టీవీ ఉంది.

దూరప్రయాణాల బస్సుల్లో డ్రైవర్ సీటు పైన ఉండే మామూలు టీవీ. తన సోదరుడిని ఈడ్చుకెళ్తుంటే మెండోజా అందులో చూశాడు. వాడిని వదలకపోతే బందీలను కాలుస్తానని బెదిరించాడు. కాసేపటికే బస్సులోంచి కాల్పులు వినిపించాయి.

బస్సులో టీవీ ఉన్న సంగతి పోలీసులకు తెలియదా?

పర్యాటకుల బస్సులో టీవీ ఉంటుందని ఊహించడానికి నిఘా విభాగం అక్కర్లేదు. పైగా పగలే తొమ్మిది మంది బయటికొచ్చారు. లోపల మనిషి ఎక్కడ కూర్చున్నాడు, తలుపు ఎలా మూశాడు, తెర పనిచేస్తోందా అని వాళ్లను కూర్చోబెట్టి అడిగితే చాలు.

తెలిశాక చేయగలిగినవి కూడా ఉన్నాయి. ఆ చుట్టుపక్కల సిగ్నల్ అందకుండా చేయవచ్చు. అది కుదరకపోతే ఛానళ్ల హెడ్లకు ఫోన్ చేసి, మీ ఫీడ్ అతడు చూస్తున్నాడు, పోలీసుల కదలికలు చూపించకండి అని ఒక్క మాట చెప్పవచ్చు. కెమెరాలను బస్సు కనిపించనంత దూరం జరపవచ్చు. వీటిలో ఏదీ జరగలేదు. బస్సు చుట్టూ గట్టి వలయం కూడా లేదు. విలేఖరులూ చూడవచ్చిన జనమూ చాలా దగ్గరికి వచ్చేశారు. వచ్చినవాళ్లలో కొందరికి తూటా దెబ్బలు తగిలాయి.

రేడియో ఇంటర్వ్యూ గురించి ఎందుకంత గొడవ?

కీలకమైన ఆ చివరి ఘడియల్లో ఆర్ఎంఎన్ రేడియో వాళ్లు మెండోజాకు ఫోన్ చేసి లైవ్‌లో మాట్లాడుతున్నారు. చర్చల అధికారికి అతడితో మాట్లాడాల్సిన సమయం అదే. అతడేమో రేడియో లైన్‌లో ఉన్నాడు.

బందీల ఘటనలో ఫోన్ లైన్ అంటే ప్రాణవాయువు గొట్టం లాంటిది. అవతలి మనిషి ఒకే గొంతు వినాలి. ఆ గొంతు నెమ్మదిగా, విసుగు లేకుండా, గంటల తరబడి ఉండాలి. నమ్మకం అలా కుదురుతుంది. మధ్యలో ఇంకో గొంతు వచ్చి, మీకేమనిపిస్తోంది, మీ సోదరుడిని ఇప్పుడే తీసుకెళ్లారు కదా అని అడిగిందంటే పొద్దుట్నుంచి కట్టిన నమ్మకం నిమిషంలో పోతుంది. అతడికి కూడా బేరం ఆడటానికి పోలీసుల కన్నా పెద్ద వేదిక దొరికినట్టవుతుంది.

నేను న్యూస్ డెస్క్‌లో పనిచేసే రోజుల్లో ఇలాంటిదే చాలా చిన్న స్థాయిలో చూశాను. ఇంట్లోవాళ్లను గదిలో పెట్టి గడియ వేసుకున్న ఒక మనిషి నంబర్ మా రిపోర్టర్ సంపాదించాడు. మేము లైన్ కలిపాం. స్టూడియోలో అందరం సంబరపడ్డాం. పది నిమిషాల తర్వాత అక్కడున్న ఎస్ఐ మా ఆఫీసుకు ఫోన్ చేసి ఒకే మాటన్నారు. "అమ్మా, నేను అరగంట నుంచి ఆ నంబర్‌కి ట్రై చేస్తున్నాను. ఎంగేజ్ వస్తోంది." ఆ రోజు ఎవరికీ ఏమీ కాలేదు, అదృష్టం. కానీ ఆ ఎంగేజ్ టోన్ మేమే అన్న సంగతి నేనింకా మరచిపోలేదు.

ప్రజలకు తెలుసుకునే హక్కు లేదా?

ఉంది. నేనే ఆ హక్కు మీద బతికినదాన్ని. కానీ తెలుసుకోవడం వేరు, అదే క్షణంలో తెలుసుకోవడం వేరు. సోదరుడి అరెస్టు దృశ్యం అరగంట ఆగి చూపిస్తే ఫిలిప్పీన్స్ ప్రజల హక్కుకు ఏ లోటూ వచ్చేది కాదు. పోలీసులు అతడిని ఎంత మొరటుగా లాగారో అప్పుడూ తెలిసేది, ప్రశ్నించడానికి అప్పుడూ వీలుండేది. తేడా అంతా బస్సు లోపలి మనిషి దాన్ని ఎప్పుడు చూస్తాడన్నదే.

ఆ సమయంలో బాధ్యులైన అధికారులు ఎక్కడున్నారు?

సంక్షోభ కమిటీకి మనీలా మేయర్ అల్ఫ్రెడో లిమ్ నాయకత్వం వహించారు. ఆయన స్వయంగా పాత పోలీసు అధికారి. ఘటనా స్థలంలో దళాలకు బాధ్యుడు మనీలా పోలీసు అధిపతి రొడోల్ఫో మగ్టిబాయ్. సరిగ్గా పరిస్థితి చెడిపోతున్న వేళ వీళ్లిద్దరూ కమాండ్ పోస్టు వదిలి దగ్గరలోని ఒక రెస్టారెంటుకు వెళ్లారు. తర్వాత విచారణలో బయటపడ్డ విషయాల్లో నన్ను ఎక్కువగా బాధపెట్టింది ఇది. మనిషికి ఆకలి వేస్తుంది, తప్పు లేదు. వెళ్లేటప్పుడు ఇప్పటినుంచి నిర్ణయం నీది అని ఇంకొకరికి అప్పగించి వెళ్లాలి కదా. కాల్పులు మొదలయ్యేసరికి ఎవరి మాట చెల్లుతుందో అక్కడున్నవాళ్లకే స్పష్టంగా తెలియదు.

పోలీసుల దాడి ఎందుకంత ఆలస్యమైంది?

ఏడున్నర ప్రాంతంలో బస్సు డ్రైవర్ ఎలాగో తప్పించుకుని కిటికీలోంచి దూకి పరుగెత్తాడు. లోపల అందరూ చనిపోయారని అరిచాడు. అది నిజం కాదు. అప్పటికి చాలామంది బతికే ఉన్నారు. కానీ ఆ కేకతో పోలీసులు దాడికి దిగారు.

ఆ తర్వాతి గంటకు పైగా సాగిన దృశ్యాలు చూసినవాళ్లకు గుర్తుండే ఉంటాయి. వర్షం పడుతోంది. మనీలా పోలీసుల ప్రత్యేక సాయుధ విభాగమైన స్వాట్ దళం పెద్ద సమ్మెటలతో బస్సు అద్దాలు పగలగొడుతోంది. అద్దం పగులుతోంది, మనిషి దూరేంత దారి మాత్రం కావడం లేదు. తలుపుకు తాడు కట్టి వాహనంతో లాగారు. తాడు తెగిపోయింది. లోపలి నుంచి తూటా వస్తే వెనక్కి, మళ్లీ ముందుకు. కొట్టిన ప్రతి దెబ్బా లోపలున్నవాడికి వినిపిస్తోంది, ఏ వైపు నుంచి వస్తున్నారో టీవీలోనూ కనిపిస్తోంది.

బందీలను విడిపించే దాడిలో మొదటి కొన్ని సెకన్లే ముఖ్యం. అవతలివాడు తేరుకునేలోగా లోపలికి వెళ్లాలి. అందుకే అలాంటి బస్సు ఇంకొకటి తెచ్చి, ఏ అద్దం ఎలా పగులుతుంది, తలుపు బయటినుంచి ఎలా తెరుచుకుంటుంది అని పక్కన రిహార్సల్ చేస్తారు. ఇక్కడ పగలంతా సమయం ఉంది. చీకటి పడ్డాక, వానలో, తాడు తెగాక, అప్పుడు నేర్చుకోవడం మొదలుపెట్టారు.

ఇంతకన్నా శిక్షణ ఉన్న దళం లేదా?

ఉంది. జాతీయ పోలీసు సంస్థ కింద స్పెషల్ యాక్షన్ ఫోర్స్ అనే దళం అందుబాటులోనే ఉంది. దాన్ని వాడాలని అధ్యక్షుడు బెనిగ్నో అకినో చెప్పారని తర్వాత బయటికొచ్చింది. అయినా మగ్టిబాయ్ తన నగర దళాన్నే పంపారు. ఆయన పదవి నుంచి తప్పుకున్నారు.

అయితే తప్పు ఎవరిది ఎక్కువ? పోలీసులదా, మీడియాదా?

కాల్చింది మెండోజా. ముందుగా అది. హాంకాంగ్‌లో జరిగిన మరణ విచారణలో జ్యూరీ 2011లో ఇవి చట్టవిరుద్ధ హత్యలని తేల్చింది. ఫిలిప్పీన్స్ అధికారుల వైఫల్యాలు కూడా కారణమయ్యాయని చెప్పింది.

ఇక రెండింట్లో ఎక్కువ ఎవరిదంటే, నా అభిప్రాయంలో పోలీసులదే, కొంచెం కాదు, బాగా ఎక్కువ. కెమెరా ఎంత దూరంలో ఉండాలో, ఫోన్ ఎవరి చేతిలో ఉండాలో, ఎవరిని ఎక్కడ అరెస్టు చేయాలో నిర్ణయించే అధికారం వాళ్లది. మీడియాకు ఆ అధికారం లేదు. కానీ చాలామంది విలేఖరులు ఆ తర్వాత చెప్పిన సమాధానం, మమ్మల్ని ఆపమని ఎవరూ చెప్పలేదు అన్నది, నాకు మింగుడుపడదు. తెర మీద స్నైపర్ ఎక్కడున్నాడో చూపించకూడదని ఒకరు చెప్పాలా? బస్సులో టీవీ ఉండవచ్చని తట్టడానికి ఎవరైనా ఆదేశం ఇవ్వాలా?

ఈ రెండు తప్పులనూ విడదీసి చూస్తే ఆ రోజు అర్థం కాదు. పోలీసులు అందరి ముందూ అరెస్టు చేయకపోతే కెమెరాకు చూపించడానికి ఏమీ ఉండేది కాదు. కెమెరా లైవ్‌లో చూపించకపోతే ఆ మొరటు అరెస్టు బస్సులోకి చేరేది కాదు. ఒకరి నిర్లక్ష్యం ఇంకొకరి నిర్లక్ష్యం మీద వెళ్లి పడింది.

అంతకుముందు ఇలాంటివి జరగలేదా? ముందే తెలుసుకోవచ్చు కదా?

జరిగాయి, అదే బాధ. 1972 మ్యూనిక్ ఒలింపిక్స్‌లో ఇజ్రాయెల్ క్రీడాకారులను బందీలుగా పట్టుకున్నప్పుడు, పోలీసులు ట్రాక్‌సూట్లు వేసుకుని భవనం పైకి ఎక్కడం టీవీలో వచ్చింది. లోపలివాళ్లు చూశారు. ఆ ప్రయత్నం మానుకోవలసి వచ్చింది.

1988 ఆగస్టులో పశ్చిమ జర్మనీలోని గ్లాడ్‌బెక్‌లో బ్యాంకు దోపిడీతో మొదలైన ఘటన ఇంకా ఘోరం. బందీ తలకు తుపాకీ పెట్టి ఉండగానే విలేఖరులు దొంగలను ఇంటర్వ్యూ చేశారు. కొలోన్‌లో ఒక విలేఖరి దారి చూపిస్తానని వాళ్ల కారెక్కి కూర్చున్నాడు. ఇద్దరు బందీలు, ఒక పోలీసు చనిపోయారు. ఆ సిగ్గుతో జర్మన్ ప్రెస్ కౌన్సిల్, ఘటన జరుగుతుండగా నేరస్థుల ఇంటర్వ్యూలు తీసుకోకూడదని తన నియమావళిలో రాసుకుంది.

మనకు తెలిసినది 2008 నవంబరు 26. ముంబై హోటళ్లలో కమాండోల కదలికలు లైవ్‌లో వస్తుంటే, పాకిస్తాన్‌లో కూర్చున్నవాళ్లు అవి చూస్తూ లోపలివాళ్లకు ఫోన్‌లో సూచనలిచ్చారు. 2012లో కసబ్ కేసు తీర్పులో సుప్రీంకోర్టు ఛానళ్లను ఈ విషయంలో గట్టిగా తప్పుపట్టింది. 2015లో కేబుల్ టీవీ నిబంధనలు మార్చారు. ఉగ్రవాద వ్యతిరేక ఆపరేషన్లను లైవ్‌లో చూపించకూడదు, అధికారి ఇచ్చే బ్రీఫింగ్‌కే పరిమితం కావాలి.

ముంబైకీ మనీలాకూ మధ్య రెండేళ్లు కూడా లేవు.

ఘటన ముగిశాక అయినా సరిగ్గా చేశారా?

లేదు. జనం బస్సు దగ్గరికి తోసుకొచ్చారు. సాక్ష్యాలు భద్రపరచాల్సిన చోట అందరూ తిరిగారు. తర్వాతి రోజుల్లో కొందరు పోలీసులు, విద్యార్థులు తూటాల రంధ్రాలున్న ఆ బస్సు ముందు నవ్వుతూ ఫొటోలు దిగారు. మెండోజా శవపేటిక మీద జాతీయ జెండా కప్పారు. చైనా రాయబార కార్యాలయం అభ్యంతరం చెప్పింది. హాంకాంగ్‌లో ఆ ఫొటోలు చూసిన కుటుంబాల గురించి ఆలోచిస్తే ఇప్పటికీ గుండె బరువెక్కుతుంది.

ఎవరికైనా శిక్ష పడిందా?

న్యాయశాఖ మంత్రి లీలా డి లిమా నేతృత్వంలో విచారణ కమిటీ వేశారు. అది 2010 సెప్టెంబరులో నివేదిక ఇచ్చి, మేయర్ నుంచి రేడియో ప్రయోక్తల దాకా పలువురి మీద చర్యలు సూచించింది. అధ్యక్ష కార్యాలయం సమీక్షించాక ఆ సూచనల్లో చాలావాటి పదును తగ్గింది. ప్రాణాలు పోయిన లెక్కతో చూస్తే జరిగింది చాలా తక్కువ.

హాంకాంగ్‌కూ ఫిలిప్పీన్స్‌కూ అన్నేళ్లు ఎందుకు చెడింది?

క్షమాపణ దగ్గర. ఘటన రోజు హాంకాంగ్ పాలకుడు డొనాల్డ్ త్సాంగ్ అధ్యక్షుడితో మాట్లాడాలని ప్రయత్నించినా ఫోన్ కలవలేదు. హాంకాంగ్ తన పౌరులకు ఫిలిప్పీన్స్ వెళ్లొద్దని అత్యంత తీవ్రమైన నల్ల హెచ్చరిక జారీ చేసింది. బతికి బయటపడ్డవాళ్లూ, చనిపోయినవాళ్ల కుటుంబాలూ అధికారిక క్షమాపణ అడిగారు. ఒక వ్యక్తి చేసిన నేరానికి దేశం క్షమాపణ చెప్పదని అకినో ప్రభుత్వం పట్టుబట్టింది. 2014 మొదట్లో హాంకాంగ్ ఫిలిప్పీన్స్ దౌత్య, అధికారిక పాస్‌పోర్టుల వాళ్లకు వీసా లేని ప్రవేశం ఆపేసింది. ఏప్రిల్‌లో మనీలా మేయర్‌గా ఉన్న జోసెఫ్ ఎస్ట్రాడా వెళ్లి నగరం తరఫున క్షమాపణ చెప్పాక రాజీ కుదిరింది. అధ్యక్షుడి నోట ఆ మాట 2018లో వచ్చింది, హాంకాంగ్ వెళ్లిన రోడ్రిగో డుటెర్టే నోట.

ఇప్పుడు అందరి చేతిలో ఫోన్ ఉంది. ఛానళ్లను ఆపితే సరిపోతుందా?

సరిపోదు. 2010లో బస్సులో ఒక టీవీ, బయట కొన్ని కెమెరాలు. ఇప్పుడు చుట్టూ మేడల మీద నిలబడ్డ ప్రతి మనిషీ లైవ్ పెట్టగలడు, లోపల తుపాకీ పట్టుకున్నవాడు దాన్ని అరచేతిలో చూడగలడు. అలాంటి చోట మీరుంటే చేయగలిగినవి ఇవి. పోలీసులు ఎక్కడ నక్కారో, ఏ వైపు కదులుతున్నారో లైవ్ పెట్టకండి, పోస్టు చేయకండి. లోపల మీకు తెలిసినవాళ్లుంటే పదేపదే ఫోన్ చేయకండి, వాళ్ల నంబర్ ఏ ఛానల్‌కూ ఇవ్వకండి. పోలీసులకివ్వండి. మీ కంట పడింది వీడియో తీసి ఉంటే దాచి ఉంచండి, అంతా ముగిశాక విచారణ అధికారికి అందించండి. పోలీసుల తప్పును పట్టించే సాక్ష్యం అందులో ఉండవచ్చు, అప్పుడు దాన్ని బయటపెట్టడానికి ఎవరూ అడ్డు చెప్పకూడదు కూడా.